దయాకేతు మహారాజు వేట నేర్చిన వైనం

పూర్వం, నదులు మనుషుల మాట వింటాయనీ, మనుషులు నదుల మాట వింటారనీ పెద్దలు చెప్పుకునే కాలంలో, మాల్యవతీ నదికి ఉత్తరపు గట్టున పుష్కలపురిని రాజధానిగా చేసుకుని, సోమవంశసంజాతుడూ, సత్యసంధుడూ, ఆజానుబాహుడూ అయిన దయాకేతుడనే మహారాజు రాజ్యపాలనం చేస్తూ ఉండేవాడు. ఆ మహానుభావుడికి సర్వసద్గుణాలూ ఉన్నాయి గాని, కొలత ఒక్కటే లేదు. ఉపవాసం ఉన్నాడంటే మూడోనాటికి రాజవైద్యుడు రావలసిందే, అన్నదానం చేశాడంటే తిన్నవాళ్ళ కోసం రాజవైద్యుడు రావలసిందే. పేరులో ఉన్న దయ ఆయన మనసులోకి దిగడానికి మాత్రం కొంత కాలం పట్టింది.

పట్టాభిషేకమైన మరుసటి ఏడు ఆయన శ్యామారణ్యానికి వేటకు వెళ్ళాడు. వేయిమంది భటులు డప్పులూ కొమ్ములూ మోగిస్తూ అడవిని మూడువైపులా చుట్టుముట్టి, నాలుగోవైపు కోసు పొడుగున వలలు కట్టి, ఆ వలల ముందు ఒక పెంపుడు లేడిని దీమంగా, అంటే ఎరగా, నిలబెట్టారు. బెదిరిన మందలు తమవంటిదే అక్కడ నిమ్మళంగా నిలబడి ఉంది కదా అని ధైర్యం తెచ్చుకుని అటే పరుగెత్తుకు రాగా, ఏనుగు మీద కూర్చున్న రాజు అలుపు లేకుండా బాణాలు గుప్పించి, ఒక్క పగటిలో మూడువందల దుప్పులను నేలకూల్చాడు. వంటవాళ్ళు నలభై కోసేసరికే వాళ్ళ చేతులు పడిపోయాయి. మిగిలినవి ఎండలో అలాగే ఉండిపోయాయి. ప్రొద్దు వాలేవేళ ఒక ఆడదుప్పి ఎక్కడినుంచో తిరిగి వచ్చి, పడి ఉన్నవాటిలో ఒక్కొక్కదాన్నే వాసన చూస్తూ, మళ్ళీ మొదటినుంచీ చూస్తూ తిరగడం రాజు కంటబడింది. అంతటి వీరుడికీ గుండె చెరువైపోయింది. ఏనుగు దిగి, నదిలో నడుము లోతు వరకు వెళ్ళి, దోసిట నీరు తీసుకుని ఎలుగెత్తి ఇలా అన్నాడు.

“సమస్తభూతములకు ప్రాణమై, హరిణవాహనుడవై ముల్లోకాలలోనూ సంచరించే ఓ వాయుదేవా! నీవు సాక్షిగా పలుకుతున్నాను. నేటినుంచి నా రాజ్యంలో దుప్పి గాని, జింక గాని, లేడి గాని ఏ ప్రాణివల్లనూ భయమెరుగదు. ఈ మాట తప్పిననాడు నా పుణ్యమంతా నశించుగాక!”

వినడానికి ఎంత చల్లగా ఉంది! అయితే మాటకు కొలత లేనట్టే చేతకూ లేకపోయింది. తరతరాలుగా శ్యామారణ్యంలో వేటాడి బ్రతికే శబరులను వెళ్ళగొట్టి, వాళ్ళ విల్లులన్నీ ఒకచోట పోగుపోయించి తగలబెట్టించాడు. బోనులు పెట్టించి పులులను పట్టించి, కొండల ఆవలికి తోలించి, అవి తిరిగి రాకుండా కనుమలో కాపలా పెట్టించాడు. ఆస్థానకవులు ఊరుకుంటారా, ‘మృగాభయప్రదాత’ అని బిరుదమిచ్చారు. రాజు దాన్ని బంగారు రేకు మీద చెక్కించి సింహాసనానికి పైన కట్టించుకున్నాడు.

మొదటి మూడేళ్ళూ ముచ్చటగానే గడిచాయి. పొదపొదకూ ఒక మంద, మడుగుమడుగుకూ చుక్కల ఒళ్ళు. పట్టణం వాళ్ళు పిల్లలనెత్తుకుని బళ్ళు కట్టుకుని చూడవచ్చేవాళ్ళు. రాజు స్వయంగా ఉప్పు మూటలు తెచ్చి అరచేత పెట్టి నాకించేవాడు. అయిదో ఏటికి అడవి అంచు చేలల్లో మొలక నిలవలేదు. ఎనిమిదో ఏటికి ఆశ్రమాల్లో దర్భలు కరువయ్యాయి. పదో ఏటికి దుప్పులు చెట్ల బెరడు ఒలుచుకు తినడం మొదలుపెట్టగా, ఒలిచిన చెట్లు నిలబడే ఎండిపోగా, వేళ్ళ పట్టు పోయిన గట్లు విరిగి నదిలో పడి, అద్దంలాంటి మాల్యవతి కుడితినీళ్ళయింది. రాజు కంగారుపడి వెయ్యి బళ్ళ ఎండుగడ్డి అడవికి తోలించాడు. గడ్డి తిన్నవి బ్రతికి, మరుసటేడు ఇంకా పిల్లలను పెట్టాయి, ఆ పిల్లలకు గడ్డి చాలలేదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మంత్రులు నసిగితే, “అభయమిచ్చినవాణ్ణి నేను. నా మాట నిలబడాలి” అన్నాడాయన. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడితో ఎవరు వాదిస్తారు?

ఇలా పన్నెండో ఏడు రాగా, మార్గశిర మాసంలో, కోతలైపోయి కుప్పలు నూర్చిన వేళ, ఒకనాటి ఉదయం రాజ్యంలో గాలి ఆగిపోయింది.

మందగించడం గాదు, ఆగిపోయింది. రైతులు చేటలెత్తి ధాన్యం తూర్పారబడితే గింజా పొట్టూ కలిసి కాళ్ళ దగ్గరే పడ్డాయి. కళ్ళాలనిండా ధాన్యం ఉండి కూడా ఇళ్ళల్లో కుండలు ఖాళీగా ఉన్నాయి. హోమధూమం పైకి లేవక ఋత్విక్కుల కళ్ళల్లోనే కాపురం పెట్టింది. కోట మీద జెండాలు తడిగుడ్డల్లా వ్రేలాడాయి. పసిపిల్లలు ఉక్కకు ఊపిరాడక ఏడుస్తుంటే తల్లులు విసనకర్రలతో విసిరి విసిరి చేతులు వాచి కూర్చున్నారు. ఇంకొక్క నెల ఇలాగే ఉంటే రాజ్యం రాజ్యమంతా కళ్ళాల పక్కనే ఆకలితో పడిపోతుందని రాజుకు తెలిసిపోయింది.

అప్పుడు దయాకేతుడు కిరీటం తీసి, పాదచారియై, శ్యామారణ్యం నడుమ తపస్సు చేసుకుంటున్న పర్ణవల్క మహర్షి ఆశ్రమానికి వెళ్ళాడు. ఆ మహర్షి నూరేళ్ళుగా రాలిన ఆకులు తప్ప మరేమీ తినని నియమం గలవాడు, ఇప్పుడు రాలడానికే ఆకులు లేక పస్తులతో చిక్కి శల్యమై ఉన్నాడు. రాజు సాష్టాంగపడి, “మహాత్మా! ఏ అపరాధం వల్ల గాలి ఆగింది?” అని దీనంగా అడుగగా, మహర్షి ఆయన చెయ్యిపట్టుకుని పర్ణశాల వెనక్కు తీసుకువెళ్ళాడు.

అక్కడ నల్లని మేనూ, మెరిసే కొమ్ములూ గల ఒక దివ్యహరిణం నేల మీద మోర ఆనించి పడుకుని ఉంది. దాని ముందు లేతగడ్డి ఉంది. ముట్టలేదు.

“రాజా, ఇది వాయుదేవుని వాహనం” అన్నాడు మహర్షి. “తన జాతివాళ్ళను పలకరించడానికి అడవిలో దిగి, ఎముకల గూళ్ళై తిరిగే తల్లులనూ, తల్లుల దగ్గర పాలు లేక కూలిన పిల్లలనూ చూసి, ఇక్కడికి వచ్చి పడుకుంది. ఇది లేస్తేగాని స్వామి కదలడు. స్వామి కదలందే నీ రాజ్యానికి గాలి లేదు.”

“స్వామీ! ఇంకా రెండువేల బళ్ళ గడ్డి...”

“రెండువేల బళ్ళతో నాలుగువేల పిల్లలు పుడతాయి. అప్పుడు?”

రాజు వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి మానేశాడు.

“నాకు వేదం తెలుసు, వనం తెలియదు” అన్నాడు పర్ణవల్కుడు. “అది తెలిసినది శబరుల పెద్ద బయ్యమ్మకు. నీవు తరిమినవాళ్ళంతా కరకుగట్టు మీద ఉన్నారు. వెళ్ళి అడుగు. ఆమె తిడితే పడు.”

కరకుగట్టంటే చెట్టూ చేమా లేని రాతిదిబ్బ. దాని మీద నలభై గుడిసెలు. వాటి ముందు ఎనభయ్యేళ్ళ బయ్యమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఈతాకుతో చీపుళ్ళు కడుతోంది. పన్నెండేళ్ళుగా ఆ అడవిబిడ్డలకు చీపుళ్ళే బ్రతుకుదెరువు. రాజును చూసి ఆమె లేవలేదు.

“రా దొరా, రా. దుప్పుల దొరవు గదా నువ్వు. చీపుళ్ళు కావాల్నా?”

“అమ్మా! నేను మీకు చేసిన అపకారం...”

“అది మళ్ళా మాట్లాడుకుందాం. దుప్పులెట్టా ఉండాయి?”

ఆ మాటకు రాజు తల వంచుకున్నాడు. పన్నెండేళ్ళలో సభలో ఎవరూ అడగని ప్రశ్న అది. అందరూ ఆయన కీర్తి ఎలా ఉందో చెప్పారు గాని, దుప్పులెలా ఉన్నాయని అడిగినవాళ్ళు లేరు. రాజు ఉన్నదున్నట్టు చెప్పాడు. బయ్యమ్మ చేతిలో చీపురు పక్కన పెట్టింది.

“మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుందిలే నీ అభయం. సరే వస్తా. అయితే ఒక మాట. సిపాయిల్ని పంపితే నేను రాను. విల్లు పట్టుకోవాల్సింది నువ్వే.”

“నేనా? వాయుదేవుణ్ణి సాక్షిగా పెట్టి ప్రతిజ్ఞ చేసినవాణ్ణి! నా మాట ఏమైపోతుంది?”

“నీ మాట నీకు అందంగానే ఉంది దొరా. దుప్పికి కడుపు కాలుతా ఉంది.”

ఆమె వెనకే రాజు అడవికి నడిచాడు గాని, నడుస్తున్నంతసేపూ మనసులో ఒకటే కొట్లాట. మాట తప్పితే పుణ్యం పోతుంది, నరకం వస్తుంది, తాతముత్తాతల కీర్తి మంటగలుస్తుంది. తప్పకపోతే ప్రజలు పోతారు. ఇదేదో ఇంకొకరు చేసిపెడితే బాగుండునని కూడా ఆయనకు అనిపించింది, ఆ సంగతి దాచిపెట్టడమెందుకు?

అడవి మొదట్లోనే బయ్యమ్మ ఆగి, కర్రతో చూపించింది. మనిషి నిలువెత్తు దాకా ఆ అడవిలో పచ్చ అనేది లేదు. అక్కడినుంచి పైకి ఆకులున్నాయి. ఎవరో తాడు పట్టి గీత గీసినట్టు, చూసినంత మేరా చెట్లన్నిటికీ ఒకే ఎత్తున కొమ్మలు తెగి ఉన్నాయి.

“దుప్పి ముంగాళ్ళెత్తి నిలబడితే ఆడిదాకా అందుద్ది. ఆ గీత కింద పుట్టిన మొక్క ఒక్కటి, నీ మోకాలెత్తు ఎదిగింది, ఎతికి చూపించు. నేనీడ కూసుంటా.”

రాజు వెదికాడు. ముళ్ళల్లో దూరాడు, వాగుల్లో దిగాడు. మిట్టమధ్యాహ్నం దాకా వెదికి, చెమటలు కారుతూ ఉత్తచేతులతో తిరిగి వచ్చి ఆమె ఎదుట చతికిలబడ్డాడు. పన్నెండేళ్ళుగా శ్యామారణ్యంలో ఒక్క చెట్టు కూడా పుట్టలేదు. ఉన్నవి ముసలివై పడిపోతే తర్వాత అడవి లేదు, దుప్పీ లేదు.

ఆ రోజు మొదలు ఏడు పగళ్ళు బయ్యమ్మ ఆయనకు అడవిని చదవడం నేర్పింది. పెంటికలను నలిపి, అందులో గడ్డి ఉందా బెరడు పీచు ఉందా చూడమంది. మందల్లో ఆడవాటినీ వాటి వెంట ఉన్న పిల్లలనూ వేరువేరుగా లెక్కపెట్టమంది. నూరు ఆడవాటికి అరవై డెబ్బై పిల్లలుండవలసిన చోట పదకొండు తేలాయి. ఏనుగు మీదినుంచి తప్ప వేటాడి ఎరుగని ఆ చక్రవర్తికి నడక కూడా మళ్ళీ నేర్పవలసి వచ్చింది. కాలివ్రేళ్ళతో నేలను తడిమి, ఎండుటాకు లేదని తెలిశాకనే మడమ మోపాలి. చిరుగుడ్డలో కట్టిన బూడిదను మునివేళ్ళతో రాల్చి గాలివాలు చూసుకుని, ఎప్పుడూ గాలికి ఎదురుగానే పోవాలి. బాణం వేస్తే ముంగాలి చంక వెనక, ఒకే ఒక్కటి. రెండోది అవసరమైతే మొదటిది వేయకుండా ఉండవలసిందని అర్థం. దప్పికతో వచ్చినదాన్ని నీళ్ళు తాగేదాకా కదిలించకూడదు. ఈ చివరిది విని రాజు ఆశ్చర్యపోయాడు.

“ఇంత నియమమా మీకు?”

“మరేమనుకున్నావు? మేం డప్పులు కొట్టి వేటాడతామనుకున్నావా?” అంది బయ్యమ్మ.

ఎనిమిదోనాడు ఆమె పొడుగాటి నారతాడు తీసి ముడులు వేయడం మొదలుపెట్టింది. శబరుల ఆచారమది. ఏటేటా చలికాలంలో, పిల్లలు పాలు మరిచాక, పెద్దలు మందలను లెక్కపెట్టి, ఆ ఏడు అడవి ఎన్నిటిని మేపలేదో అన్ని ముడులు తాడుకు వేస్తారు. ముందు ఒక ముడి విప్పాలి, ఆ తర్వాతే ఒక బాణం. ముడులన్నీ అయిపోయిననాడు వింటినారి దించి, మళ్ళీ ఏటిదాకా విల్లును చూరులో పెట్టేయాలి. ఇదివరకు ఇరవై ముప్పైకి మించి వేయనక్కరలేకపోయేది. ఈసారి ముడులు వందలు దాటిపోతుంటే ఆమె ఇంకో తాడు తెచ్చి అతికింది. నాలుగువందల ఎనభై దగ్గర ఆగింది.

రాజు “అమ్మా, పోతులను మాత్రమే కొడతాను. ఆడవాటి జోలికి పోను. స్త్రీహత్యాపాతకం కూడా నెత్తిన వేసుకోలేను” అన్నాడు.

బయ్యమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. “ఇరవై ఆడవాటికి ఒక్క పోతు చాలదా దొరా? కోడిపుంజును కోస్తే గుడ్లు తగ్గుతాయా? నీ ధర్మం కోసం పోతుల్నన్నీ కొట్టి, పై ఏటికి అన్నే పిల్లల్ని మళ్ళా ఆకలికి పెడతావా?” ఆ తర్వాత నవ్వు మానేసి, మెల్లగా చెప్పింది. “మంద ముందు నడిచే పెద్దదాన్ని ముట్టుకోవద్దు. నీళ్ళ దారీ మేత దారీ దానికే తెలుసు. అది పడితే తక్కినవి దిక్కులేనివైపోతాయి. పొదుగు నిండినదాన్ని ముట్టుకోవద్దు. పళ్ళరిగినవీ, ఈనడం మానినవీ, కుంటివీ, ఎదుగూబొదుగూ లేని బక్కవీ, అవి మనవి. అందులో ఆడవీ ఉంటాయి, మగవీ ఉంటాయి.”

మరునాటి ఉదయం ఇద్దరూ దుప్పులు ఉప్పు నాకే చవిటినేల పక్కన ఎండుపొద వెనుక కూర్చున్నారు. రాజు అలవాటు కొద్దీ బూడిద రాల్చాడు. అది తిన్నగా ఆయన పాదాల మీదే పడింది. గాలి లేనప్పుడు మనిషి వాసన మనిషి చుట్టూనే గూడు కట్టుకుని ఉంటుందనీ, ఇలాంటప్పుడు దొరికేది ఏదీ ఉండదనీ ఆయనకు ఇప్పుడు తెలుసు. మనసులో ఏ మూలనో కొంత సంతోషించాడు కూడాను. వాసన తగిలి అన్నీ పారిపోతే తన మాటా నిలుస్తుంది, ప్రయత్నమూ చేసినట్టవుతుంది.

మంద వచ్చింది. వాసన తగిలి మోరలెత్తింది. ఎత్తి, పారిపోకుండా, తిన్నగా రాజు దగ్గరికే నడిచి వచ్చింది.

పన్నెండేళ్ళుగా ఆ వాసన వాటికి ఉప్పు వాసన. మంద చివర నడుస్తున్న, కుడిచెవి చీలిన ఒక ముసలి ఆడదుప్పి పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న ఒళ్ళు ఊగించుకుంటూ వచ్చి, రాజు ఎడమ అరచేతిలో మూతి పెట్టి, లేని ఉప్పు కోసం నాకసాగింది. ఆయన దాన్ని గుర్తుపట్టాడు. మొదటి ఏటినుంచీ ఆయన చేత తిన్నది అదే. నేర్చుకున్న నడకా, నేర్చుకున్న గురీ అన్నీ వృథా అయ్యాయి. పొంచి ఉండవలసిన పనే లేదు.

రాజు కన్నీళ్ళతో వెనక్కు తిరిగి, “దీన్నా అమ్మా? నన్ను నమ్మి వచ్చిన దీన్నా?” అన్నాడు.

“నమ్మింది కాబట్టే నువ్వు చెయ్యాల” అంది బయ్యమ్మ. “ఇంకో పదేను దినాలు నిలబడుద్దేమో. ఆపైన పడుద్ది, పడినా పానం పోవడానికి మూడు పగళ్ళు పడుద్ది. ఆ మూడు పగళ్ళూ నువ్వు కోటలో ఉంటావు. ఇక నీ ఇష్టం. చేతిలో మేపుతా మాత్రం కొట్టవద్దు, అది మోసం. పది అడుగులు వెనక్కి రా.”

దయాకేతుడు చాలాసేపు దాని మెడ నిమిరాడు. అప్పుడు ఆయనకు నరకం గుర్తుకు రాలేదు, కీర్తి గుర్తుకు రాలేదు. ఆ ఎముకల మీది చర్మం మాత్రమే చేతికి తెలిసింది. లేచి, పది అడుగులు వెనక్కు వచ్చి, తాడు తీసి మొదటి ముడి విప్పాడు. “తల్లీ, క్షమించు” అన్నాడు పైకే. బాణం ముంగాలి చంక వెనక దిగింది. దుప్పి మోకాళ్ళ మీద కూలి, ఒక్క నిట్టూర్పు విడిచి, అంతటితో ఊరుకుంది.

రాజు అక్కడే కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. బయ్యమ్మ ఆయనను ఓదార్చలేదు. దుప్పి నోరు తెరిచి చిగుళ్ళ దాకా అరిగిపోయిన పళ్ళను చూపించింది. కడుపు కోసి, అందులో ఉన్న బెరడు పీచునూ, మట్టినీ, ఎప్పుడో మింగిన గుడ్డపేలికనూ చూపించింది. రాజు అదంతా కళ్ళు తిప్పుకోకుండా చూశాడు. అప్పుడే పైన ఎక్కడో ఒక్క ఆకు కదిలింది.

ఆ తర్వాత శబరులు నలభై గుడిసెలూ ఖాళీ చేసి తమ అడవికి తిరిగి వచ్చారు. రాజు కొత్త విల్లులు చేయించి, ఒక్కొక్కరి చేతికీ తానే అందించి, ఒక్కొక్కరి ముందూ తల వంచాడు. కొందరు మన్నించారు, కొందరు విల్లు మాత్రం పుచ్చుకున్నారు. నెల్లాళ్ళపాటు రోజుకు ఇన్నని ముడులు విప్పుతూ, ముందు నడిచే పెద్దవాటినీ పొదుగు నిండినవాటినీ విడిచిపెడుతూ మందలను పలచబరిచారు. ఒక్క జంతువు కూడా ఎండలో కుళ్ళలేదు. మాంసం వరుగులై ఆకలితో ఉన్న పల్లెలకు వెళ్ళింది, చర్మాలు ఆశ్రమాలకు ఆసనాలయ్యాయి, నరాలు వింటినారులయ్యాయి, కొమ్ములు కొడవళ్ళకు పిడులయ్యాయి. కనుమలో కాపలా ఎత్తివేయగా, పుష్యం వచ్చేసరికి ఒక ఆడపులి రెండు పిల్లలతో తన పాత అడవికి వచ్చి చేరింది. ఆశ్రమంలో హరిణం రోజుకింత మోర ఎత్తుతున్నకొద్దీ గాలి కొంచెం కొంచెంగా పుంజుకుంటూ, ముడులు పది మిగిలేసరికి కళ్ళాల్లో పొట్టు ఎగిరిపడసాగింది. ఆడవాళ్ళు చేటలు పట్టుకుని పాటలు పాడుతూ తూర్పారబట్టారు. ఊళ్ళలో మళ్ళీ అన్నం ఉడికిన వాసన వచ్చింది.

తాడుకు ఒకే ఒక్క ముడి మిగిలిననాటి ఉదయం, పర్ణవల్కుని ఆశ్రమంలో దివ్యహరిణం లేచి నిలబడి, ఒళ్ళు విదుల్చుకుని, ముందున్న గడ్డి అంతా ఒక్క పరక మిగల్చకుండా తిన్నది. మరుక్షణం చెట్లన్నీ ఒక్కసారి వంగి లేవగా, జగత్ప్రాణుడూ, సదాగతీ, అంజనీసుతుని కన్నతండ్రీ అయిన వాయుదేవుడు ఆ హరిణం మీద చెయ్యి వేసి రాజు ఎదుట ప్రత్యక్షమయ్యాడు. దయాకేతుడు నేల మీద పడి, “స్వామీ! నీవు సాక్షిగా చేసిన ప్రతిజ్ఞను తప్పాను. ఏ శిక్షకైనా సిద్ధంగా ఉన్నాను” అన్నాడు.

“రాజా, సాక్షినైన నేను జరిగినదే చెబుతాను, విను” అన్నాడు వాయుదేవుడు. “నీవు మాట తప్పిన మాట నిజం. కాని తప్పినది నెలరోజుల కిందట కాదు. నీ అభయాన్ని నమ్మి పుట్టిన మొదటి పిల్ల ఆకలితో పడిపోయిన రోజే తప్పావు. ఆ రోజు నీవు బంగారు రేకు మీది బిరుదం కింద కూర్చుని ఉన్నావు. ఆ పాపానికి ఏళ్ళ తరబడి నీ అడవి, నెలరోజులు నీ ప్రజలు శిక్ష అనుభవించారు. ఆ ముసలిదుప్పి ఎదుట నీవు కార్చిన కన్నీటితో నీ వంతు కూడా తీరింది. ఇక వరం కోరుకో.”

ఇక్కడే మన రాజు గట్టివాడనిపించుకున్నాడు. స్వర్గం అడగలేదు, దీర్ఘాయువు అడగలేదు. చేతులు జోడించి ఇలా అన్నాడు.

“దేవా! ఒకప్పుడు కొలత లేకుండా చంపాను, తర్వాత కొలత లేకుండా కాపాడాను. రెండుసార్లూ చచ్చినవి దుప్పులే. బయ్యమ్మ ఎల్లకాలమూ ఉండదు, నా తర్వాత ఎలాంటి రాజు వస్తాడో తెలియదు. నా మీద నాకే నమ్మకం లేదు. కొలత తప్పినప్పుడు అడ్డు చెప్పేది ఒకటి ఈ అడవిలో ఉండేట్టు అనుగ్రహించు.”

వాయుదేవుడు ప్రసన్నుడై, “అలాగే అగుగాక. తాడుకు ముడి మిగిలి ఉన్నంతవరకు నేను దుప్పులవైపునుంచి వేటగాడివైపు వీస్తాను. ముడులు అయిపోయాక గాని, పాలు తాగే పిల్లలున్న కాలంలో గాని ఎవడు విల్లెత్తినా, వాడు రాజైనా సరే, వాడి వీపువైపునుంచి వీచి, వాడి వాసనను ముందుగా దుప్పులకు చేరవేస్తాను” అని వరమిచ్చి, హరిణాన్ని అధిరోహించి అంతర్ధానమయ్యాడు.

ఆ మధ్యాహ్నమే రాజు చివరి ముడి విప్పి, వాగు పక్కన ఒక కుంటిపోతును ఒకే బాణంతో కొట్టి, తాడును సాపు చేసి బయ్యమ్మ చేతిలో పెట్టాడు. ఇద్దరూ తిరిగి వస్తుండగా, చెట్ల సందున ఆరు కొమ్మలు విచ్చిన మహాపోతు ఒకటి, నెత్తురుకంటే ఎర్రగా మెరిసే ఒంటితో, పక్కకు తిరిగి నిలబడి కనిపించింది. ఎంత దుప్పి! ఎంత దూరం? సరిగ్గా ఇరవై అడుగులు. రాజు చెయ్యి ఆయనను అడగకుండానే అమ్ములపొదిలోకి వెళ్ళింది. గురి చూసుకుందామనే, అంతకుమించి ఏమీ లేదని తర్వాత ఆయన బయ్యమ్మతో ఒట్టుపెట్టి చెప్పాడు.

మెడ వెనక చల్లగా తగిలింది. గాలి తిరిగింది. పోతు చటుక్కున మోరెత్తి, రాజు ముఖంలోకి సూటిగా చూసి, అడవి అదిరేలా ఒక్క కూత కూసి, మూడు గంతుల్లో మాయమైపోయింది.

పన్నెండేళ్ళ తర్వాత శ్యామారణ్యంలో మనిషిని చూసి ఒక దుప్పి భయపడింది. దయాకేతుడు బాణం పట్టుకుని అలాగే నిలబడి, మొదట సిగ్గుపడి, తర్వాత పగలబడి నవ్వాడు. బయ్యమ్మ దగ్గు వచ్చేదాకా నవ్వి, చెట్టు పట్టుకుని నిలదొక్కుకుంది.

“దొరా, నీ సంగతి నీకు బాగానే తెలుసులే. మంచి వరమే అడిగావు.”

“అడగడం ఒక్కరోజు ఆలస్యమైతే ఏమయ్యేదో అమ్మా” అంటూ రాజు అక్కడే కూర్చుని, వింటినారి దించి, చుట్టగా చుట్టి ఆమెకు అప్పగించాడు. ఆ పూట శబరుల గుడిసెల్లో ఆయన తిన్నది జొన్నసంకటీ చెంచలాకు కూరా. అంత రుచిగా తానెన్నడూ తినలేదని పుష్కలపురికి వచ్చాక కూడా చెబుతూ ఉండేవాడట. సింహాసనం మీది బంగారు రేకును కరిగించి, శబరులకు మరచెంబులు చేయించి ఇచ్చాడు.

మూడేళ్ళు తిరిగేసరికి ఆ గీత కింద మోకాలెత్తు మొక్కలు లేచాయి. పదేళ్ళకు మాల్యవతి తేరుకుంది. పర్ణవల్క మహర్షికి రాలిన ఆకులు మళ్ళీ కావలసినన్ని దొరికాయి. ఏటేటా తాడుకు వేసే ముడులు ముప్పైకి తగ్గాయి, కొన్ని ఏళ్ళలో పులే చూసుకోవడం చేత ఒక్క ముడి కూడా వేయనక్కరలేకపోయింది. దయాకేతుడు అరవై ఏళ్ళు ధర్మపాలనం చేస్తూ, ప్రతి ఏడూ మార్గశిరంలో కాలినడకన అడవికి వెళ్ళి, మందలను తానే లెక్కపెట్టి వచ్చేవాడు. ఈ కథను శ్రద్ధతో విన్నవారి కళ్ళాల్లో గాలి వేళకు వీస్తుంది, గింజ గింజగా, పొట్టు పొట్టుగా విడిపోతుంది, ఇంటిల్లిపాదీ కడుపునిండా తిని సుఖంగా ఉంటారు.